ఆగని యంత్రమును ఆపుట

రేడియో ఉన్న ఇంటివారికి దానిని ఊరకుంచుట ఎంత సులువో వేరుగా చెప్పనక్కరలేదు. మీట తిప్పిన క్షణముననే పాట ఆగును, వార్తలు ఆగును, ఇల్లు నిశ్శబ్దమగును. ఈ సులువునకు అలవాటుపడినందువలన యంత్రమనగా మనము తలచినపుడు కదలి, తలచినపుడు ఆగునది అను భావము మన మనస్సులలో స్థిరపడిపోయినది. కాని మానవుడు కల్పించిన యంత్రములన్నియు ఇంత చెప్పుచేతలలో ఉండునవి కావు. యంత్రమును నడిపించుట ఒక విద్య; ఆపుట మరియొక విద్య. చరిత్రను చూడగా ఈ రెండవ విద్య మొదటిదాని వెనుక ఎల్లప్పుడును ఆలస్యముగనే నడచి వచ్చినది. ఆ ఆలస్యమునకు మూల్యమును మానవులు వ్రేళ్లతోను, చేతులతోను, ఒక్కొక్కప్పుడు ప్రాణములతోను చెల్లించినారు. కావున ఆగని యంత్రమును ఆపుట ఎట్లు అను ప్రశ్న కేవలము మెకానిక్కులకు సంబంధించినది కాదు. బావి ఉన్న ప్రతి రైతుకు, తోట ఉన్న ప్రతి కుటుంబమునకు, ముంగిట పచ్చిక పెంచుకొను ప్రతి గృహస్థునకు అది సంబంధించినదే.

ఈ చరిత్రను తెలిసికొనుటకు దేవరకొండ మంచి చోటు. నల్లగొండ జిల్లాలో కృష్ణానదికి ఉత్తరమున ఉన్న మెట్టభూమి యిది. పదునాలుగవ శతాబ్దిలో రేచర్ల పద్మనాయక ప్రభువులు రాచకొండయందును, దేవరకొండయందును రాజ్యములు స్థాపించి, ఇచ్చటి కొండలను చుట్టి దుర్గమును కట్టినారు. కొండలు కోటకు అనుకూలించినవే గాని నీటికి అనుకూలింపలేదు. కృష్ణ దాపుననే పారుచున్నను లోయలో పారును. నేల ఎత్తున ఉన్నది. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచినారు. ఆ కాలువలు దిగువనున్న మాగాణములను తడుపుచు సాగిపోయినవి గాని, ఎగువనున్న ఈ మెట్టకు ఎక్కి రాలేదు. ఇచ్చటి రైతు నీటిని పైకి తెచ్చుకొనవలసినదే. అందుచేత దేవరకొండ వ్యవసాయ చరిత్రయంతయు ఒక విధముగా నీటిని తోడిన సాధనముల చరిత్ర. మోట, ఆయిలు ఇంజను, కరెంటు మోటారు — ఈ మూడును ఒకదాని తరువాత ఒకటిగా బావిగట్టున నిలిచినవి. ఈ మూడింటిని ఆపు పద్ధతులు మూడు.

మొదట మోటను తలచుకొందము. బావిగట్టున గిలక, దానిమీదుగా మోకు, మోకు కొనకు తోలు మోట, ఈ కొనకు ఎడ్ల జత. ఎడ్లు వాలుదారిని దిగుచుండగా మోట నిండుగా పైకి వచ్చును. తోలువాడు మోకుమీద కూర్చుండి తన బరువును కూడ దానికి జోడించును. ఇందులో చక్రమున్నది, త్రాడున్నది, బరువున్నది. కావున ఇదియు యంత్రమే. కాని దీనిని నడుపు శక్తి ప్రాణముగల జంతువునందున్నది. మోట రాతికి తగులుకొన్నచో ఎద్దు ఆ బిగువును మెడమీద గ్రహించి తానే నిలిచిపోవును. తోలువాడు కేక వేసిన మాత్రమున ఆగును. అలసిన ఎద్దు కదలను పొమ్మన్నను అది మనకు మేలే. మోటలో ప్రమాదములు లేకపోలేదు. మోకు తెగును, కాలు జారును. అయినను ఆగకపోవుట అను ప్రమాదము మాత్రము అందులో లేదు. ఎద్దునకు చెవి ఉన్నది, బాధ తెలియును. వేల సంవత్సరములు మన రైతు చేతిలోని శక్తి యంతయు ఇట్టిదే.

ఇంజనుకు చెవి లేదు. బాధ అసలే లేదు. ఇరువదవ శతాబ్దిలో మన పల్లెలకు వచ్చిన మార్పులో ఇది ముఖ్యమైన అంశమైనను, దీనిని ఎవరును అప్పుడు పట్టించుకొనలేదు. అందరి చూపును అది తోడు నీటిమీదనే నిలిచినది.

మన బావులమీద ఠక్కుఠక్కున మ్రోగిన నిదానపు ఇంజనుల వంశవృక్షమును తరచి చూచినచో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైరు జిల్లాలో డర్‌స్లీ అను చిన్న పట్టణమునకు చేరుదుము. ఆ ఊరి లిస్టరు కంపెనీవారు 1929లో ఒకే సిలిండరుతో, రెండు బరువైన ఫ్లైవీలు చక్రములతో, నిమిషమునకు 600 చుట్లు తిరుగు డీజిలు ఇంజనును వెలువరించినారు. అది మొరటుది, బరువైనది. కాని ఏండ్ల తరబడి నడచునది. ప్రపంచమున అనేక దేశములలో అది బావులకును పిండిమరలకును ఆధారమైనది. మన దేశములో గుజరాతునందలి రాజకోట పట్టణమున దాని నమూనాపైననే అనేకులు ఇంజనులు తయారుచేసినారు. 1946లో పూనా సమీపమున ఖడ్కీలో కిర్లోస్కరు ఆయిలు ఇంజనుల కంపెనీ వెలసినది. ఈ విధముగా స్వదేశీ ఇంజను మన రైతు అందుబాటులోనికి వచ్చినది.

ఈ ఇంజను జీవించునది దేనిమీద? ఈ సంగతి తెలిసిననే దానిని ఆపు ఉపాయము తెలియును. ఇంజను బ్రతుకుటకు మూడు కావలెను: ఇంధనము, గాలి, నిప్పు. మూడింటిలో ఒక్కటి తప్పినను అది నిలిచిపోవును. పెట్రోలు ఇంజనులో నిప్పును విద్యుత్తు రవ్వ ఇచ్చును. రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు 1892లో పేటెంటు కోరి, 1897 నాటికి ఆగ్స్‌బర్గులో విజయవంతముగా నడిపి చూపిన యంత్రములోనో, రవ్వ అక్కరలేదు. గాలిని సిలిండరులో బలముగా అదిమినచో అది తనంతట తానే కాగును. ఆ వేడిలోనికి చిమ్మిన నూనె తానే అంటుకొనును. కావున డీజిలు ఇంజనులో మీట నొక్కి ఆర్పివేయుటకు రవ్వ అనునదే లేదు. సాధారణముగా దానిని ఆపుట యనగా నూనె పంపునకు అనుసంధించిన మీటను జరిపి నూనెను అందకుండ చేయుటయే.

దాని వేగమును అదుపులో ఉంచుటకు గవర్నరు అను సాధనము కలదు. ఆవిరియంత్రముల కాలమున, 1788లో, జేమ్సు వాట్ దీనిని తన యంత్రములకు అమర్చినాడు. తిరుగు గుండ్లు వేగము హెచ్చినపుడు వెలుపలికి విచ్చుకొని ఆవిరిని తగ్గించును. వేగము తగ్గినపుడు లోనికి ముడుచుకొని ఆవిరిని హెచ్చించును. డీజిలు ఇంజనులో ఇదే పద్ధతి నూనె కొలతను నిర్ణయించును. పేరునకు తగినట్లే గవర్నరు పాలకుడు. పాలకుడు బిగుసుకుపోయిననాడు రాజ్యమేమగునో ఇంజనుకును అదే అగును.

గవర్నరు మీట తుప్పుపట్టి లేక మురికిచేత బిగిసినపుడు, నూనె పంపు కడ్డీ తెరచిన స్థితిలోనే చిక్కుకొన్నపుడు, ఇంజను వేగము హద్దు లేక హెచ్చిపోవును. అంతకంటె విచిత్రమైన కారణము మరియొకటి కలదు. పిస్టను రింగులు అరిగిపోయిన పాత ఇంజనులో గాని, నూనె మట్టమునకు మించి పోసిన ఇంజనులో గాని, కందెన నూనెయే సిలిండరులోనికి ఎక్కి మండుట ఆరంభించును. అప్పుడు డీజిలు కుళాయి కట్టివేసినను ఇంజను ఆగదు. తన కడుపులోని నూనెనే తిని పరుగెత్తును. ఎంత వేగముగా తిరిగిన అంత నూనె పీల్చుకొనును. ఎంత పీల్చుకొన్న అంత వేగము హెచ్చును. చూచువారికి ఇది దయ్యము పట్టినట్లు తోచుటలో ఆశ్చర్యము లేదు. నిజమునకు అందులో దయ్యమేమియు లేదు. మూడింటిలో ఇంధనమును మనము ఆపలేకపోయితిమి. నిప్పు మన అధీనములో లేదు. ఇక మిగిలినది గాలి. గాలి పోవు దారిని మూసినచో ఎట్టి డీజిలు ఇంజనైనను నిలిచి తీరును.

మూయుటలోను ఒక క్రమమున్నది. అరచేతితో మూయరాదు, ఆ పీల్పు బలము చేతిని గాయపరచును. గుడ్డ కుక్కరాదు, లోనికి లాగుకొనిపోవును. చదునైన, గట్టి చెక్కపలకయో ఇనుపరేకో గాలిగొట్టపు నోటికి అడ్డముగా అదిమి పెట్టవలెను. ఇంజనుకు వాల్వును ఎత్తిపట్టు చిన్న మీట ఉన్నచో దానిని ఎత్తవచ్చును. అదుముడు పోయినచో వేడి పోవును, వేడి పోయినచో నూనె అంటుకొనదు. నడుచుచున్న ఇంజను నూనెగొట్టపు బిగింపులను విప్పబోవుట మాత్రము కూడదు. పంపు చిమ్ము నూనెధార చర్మమును దూసికొని లోనికి పోగలంత పదునైనది. కాగిన ఇంజనుపై నీళ్లు కుమ్మరించుటయు కూడదు. పోతపోసిన ఇనుము పగులును.

ఇట్టి సమయమున బావిగట్టున చాలమందికి తోచు ఉపాయము బెల్టును తన్ని పడగొట్టుట. ఇది తలక్రిందులైన ఆలోచన. బెల్టు ఉన్నంతవరకు నీటి బరువు ఇంజనును వెనుకకు లాగుచునే ఉండును. బెల్టు పోయినచో ఆ బరువు పోయి, పగ్గము తెగిన కోడెవలె అది ఇంకను వేగముగా పరుగెత్తును. అప్పుడు భయపడవలసినది ఫ్లైవీలు చక్రమును చూచి. తిరుగు చక్రమును చీల్చజూచు బలము వేగముతో సమానముగా పెరుగదు. వేగపు వర్గముగా పెరుగును. 600 చుట్లు తిరుగవలసిన చక్రము 1200 చుట్లు తిరిగినచో ఆ బలము రెండింతలు కాదు, నాలుగింతలగును. పోత ఇనుపచక్రము అట్టి వేగమున పగిలినచో ముక్కలు చక్రము తిరుగు వరుసలోనే ఎగిరిపోవును. అందుచేత ఇంజను దగ్గరకు పోవువాడు చక్రమునకు ఎదురుగా నిలువక, ప్రక్కగా నిలువవలెను. వేగము మితిమీరి, గాలిగొట్టము దగ్గరకు పోవుటయే అపాయమని తోచినచో అందరును దూరముగా తొలగిపోవుటయే వివేకము. ఇంజను పోయినచో మరియొక ఇంజను వచ్చును.

బావిగట్టును విడిచి పచ్చికవైపు వత్తము. ఈ రెండును దూరమైన విషయములుగ కనిపించినను చరిత్ర వీనిని ఒకే ఊరిలో కలిపినది. పచ్చికను కత్తిరించు యంత్రమును కనిపెట్టినవాడు ఎడ్విన్ బడ్డింగ్. అతడును గ్లాస్టర్‌షైరువాడే. అచ్చటి ఉన్నిమిల్లులలో నేసిన బట్టమీది నూగును గొరుగుటకు ఒక సాధనముండెడిది. దానిని చూచి ఇదే పనిని గడ్డిమీద చేయరాదా యని అతనికి తోచినది. 1830 ఆగస్టు 31వ తేదీన పేటెంటు లభించినది. తరువాతి కాలమున అతడు డర్‌స్లీ చేరి జార్జి లిస్టరు అను యంత్రనిర్మాతతో కలసి పనిచేసినాడు. 1846లో అచ్చటనే మరణించినాడు. ఆ జార్జి లిస్టరు కుమారుడు రాబర్టు ఆష్టన్ లిస్టరు 1867లో స్థాపించిన కంపెనీయే మనము పైన చెప్పుకొన్న ఇంజనును తయారుచేసినది. పచ్చిక కోతయంత్రమును, బావి ఇంజనును ఒకే కమ్మరికొలిమి చుట్టములని చెప్పవచ్చును.

బడ్డింగ్ యంత్రమును మనిషి త్రోయవలెను. త్రోయుట మానినచో అది ఆగును. తరువాత గుర్రముల చేత లాగించినారు. పచ్చికపై గిట్టల గుర్తులు పడకుండ వానికి తోలు జోళ్లు తొడిగెడివారు. మన దేశమున క్రీడామైదానములలో ఎడ్లచేత లాగించుటయు ఉండెడిది. ఇందులోను మోటలోని సుఖమే ఉన్నది: కేక వేసినచో ఆగును. 1893లో లాంకషైరువాడైన జేమ్సు సమ్నరు ఆవిరితో నడచు కోతయంత్రమును నిర్మించినాడు. 1902లో ఇప్స్‌విచ్ పట్టణపు రాన్సమ్సు కంపెనీ పెట్రోలు కోతయంత్రమును అమ్మకమునకు పెట్టినది. అప్పటినుండి చెవిలేని బలము పచ్చికమీదికిని వచ్చినది. దాని క్రింద మరి చక్రము కాదు, కత్తి.

అదే సంవత్సరమున, 1902లో, జర్మనీలో రాబర్టు బాష్ కర్మాగారమువారు హెచ్చు వోల్టుల మేగ్నెటోను, దానికి తగిన స్పార్కుప్లగ్గును రూపొందించినారు. బ్యాటరీ అవసరము లేకుండ, తిరుగు అయస్కాంతమునుండియే రవ్వ పుట్టించు సాధనమిది. ప్రక్క యింటివారు పెట్రోలు ఇంజను నడుపుచున్నపుడు మన రేడియోలో చిటపటధ్వని వినిపించుట శ్రోతలలో కొందరికి అనుభవమే. అది ఈ రవ్వ చేయు అల్లరియే. చిన్న కోతయంత్రములకు మేగ్నెటో వరమైనది. కాని ఆపుటలో అది ఒక చిక్కును తెచ్చిపెట్టినది. ఆగని కోతయంత్రపు రహస్యమంతయు ఆ చిక్కులోనే ఉన్నది.

ఇంటిలో దీపపు స్విచ్చి తీగను విడదీయును. విడదీసినచో కరెంటు ఆగును. తీగ తెగినచో దీపము తానే ఆరిపోవును. కాని మేగ్నెటో యంత్రపు స్విచ్చి దీనికి సరిగా వ్యతిరేకము. అది తీగను విడదీయదు, కలుపును. మేగ్నెటోలో పుట్టు విద్యుత్తును ఇంజను ఇనుపదేహమునకు కలిపివేసినచో ప్లగ్గుకు రవ్వ అందదు, ఇంజను ఆగును. అనగా ఆ సన్నని తీగ తెగినచో, స్విచ్చి తుప్పుపట్టినచో, ఎన్ని మారులు నొక్కినను ఇంజనుకు ఆ ఆజ్ఞ చేరనే చేరదు. నడచుటకు దానికి మన అనుమతి అక్కరలేదు. ఆగుటకు మాత్రము మన సందేశము కావలెను. సందేశము మోయు తీగ తెగినది. ఇంతకుమించి ఇందులో మాయ లేదు.

ఇది నగరములలోని పచ్చికల మాట మాత్రమే యని అనుకొనరాదు. నల్లగొండ జిల్లా బత్తాయితోటలకు ప్రసిద్ధి. దేవరకొండ ప్రాంతమునను ఆ తోటలు విరివిగా ఉన్నవి. చెట్ల నడుమ కలుపును, గడ్డిని కోయుటకు భుజమునకు తగిలించుకొను పెట్రోలు యంత్రములు నేడు తోటలలోనికి వచ్చినవి. వానికిని ఉన్నవి ఇదే మేగ్నెటో, ఇదే స్విచ్చి, ఇదే సన్నని తీగ. తోటలో ముళ్లకు, కొమ్మలకు రాచుకొని ఆ తీగ తెగుట అరుదు కాదు.

అట్టి యంత్రము ఆగనపుడు చేయవలసినది ఏమి? మొదటిది తొందరపడకుండుట. పిల్లలను, పశువులను, చుట్టునున్నవారిని దూరముగా పంపివేయవలెను. తరువాత వేగపు మీటను పూర్తిగా తగ్గింపవలెను. భుజపు యంత్రములలో వేగము తగ్గినపుడు బిగి విడిచిపెట్టు క్లచ్చి ఉండుటచేత, ఇంజను నడుచుచున్నను కత్తి నెమ్మదించును. పచ్చికయంత్రములలో పెక్కింటికి ఈ వీలు లేదు; ఇంజను తిరిగినంతసేపు కత్తియు తిరుగును. అటుపిమ్మట చోకు మీటను పూర్తిగా మూయవలెను. ఇంజను చల్లగా ఉన్నపుడు స్టార్టు చేయుటకు వాడు ఆ మీటయే, వేడిగా ఉన్నపుడు దానిని ఆపుటకును పనికివచ్చును. గాలి చాలక, పెట్రోలు మితిమీరి, నాలుగు మారులు దగ్గి ఇంజను ఊరకుండును. చోకు లేనిచో, పనిచేయనిచో, పెట్రోలు కుళాయి కట్టవలెను. కట్టిన వెంటనే ఆగలేదని కంగారుపడనక్కరలేదు; కార్బురేటరు గిన్నెలో మిగిలిన పెట్రోలు అయిపోవువరకు కొన్ని నిమిషములు నడచును. కుళాయి లేని యంత్రమైనచో, సురక్షితముగా చేయి పోవు చోటనే గాలిదారి ఉన్నచో, చదునైన పలకతో దానిని మూయవచ్చును. ఏదియు సాగనిచో యంత్రమును ఖాళీచోట చదునునేలపై విడిచి, టాంకులో పెట్రోలు అయిపోవువరకు దూరమున నిలువవలెను. ఒక సీసాడు పెట్రోలు ఖర్చు ఒక వ్రేలి కంటె ఎక్కువ కాదు.

చేయరానివియు కొన్ని ఉన్నవి. ప్లగ్గు తొడుగును ఉత్త చేతితో పెరికివేయుట చాలమంది చేయు పని. ఆ తీగలో వేల వోల్టుల విద్యుత్తు ఉండును. ఆ తాకిడికి చేయి విదిలిపోయి తిరుగుచున్న భాగముమీద పడవచ్చును. బయటపడిన రవ్వకు పెట్రోలు ఆవిరి అంటుకొనవచ్చును. యంత్రమును పక్కకు పొర్లించరాదు; అంతవరకు నేలవైపు ఉన్న కత్తి మనవైపు తిరుగును. కఱ్ఱతో, రాతితో కత్తిని ఆపబోరాదు. పంచె చెంగు, పైట కొంగు, జడ, భుజముమీది తువాలు — ఇవి తిరుగు ఇరుసును తాకరాదు. ఇరుసు పట్టుకొన్నదానిని విడువదు.

ఈ హెచ్చరికలన్నియు మనిషి జాగ్రత్తమీద ఆధారపడినవి. కాని చరిత్ర నేర్పిన గొప్ప పాఠము మరియొకటి: అలసినవాని జాగ్రత్తను నమ్మి యంత్రమును చేయరాదు. అమెరికాలో ప్రతి సంవత్సరము పచ్చికయంత్రముల చేత వేలాదిమంది గాయపడుచుండగా, అచ్చటి వినియోగదారుల రక్షణ సంఘము ఒక నియమము చేసినది. 1982 నుండి, వెనుక నడచుచు త్రోయు యంత్రముల పిడిని మనిషి విడిచిన 3 సెకనులలో కత్తి నిలిచిపోవలెను. ఈ నియమములోని భావము గమనింపదగినది. అంతవరకు యంత్రము ఆగుటకు మనిషి ఒక పని చేయవలసియుండెను; ఇప్పుడు యంత్రము నడచుటకే మనిషి ఎడతెగక ఒక పని చేయుచుండవలెను. జారిపడినను, మూర్ఛపోయినను, పిడి విడిచినాడు గనుక కత్తి ఆగును. విద్యుత్ రైళ్లలో డ్రైవరు చేయి తీసినచో రైలు ఆగు పిడియు ఈ భావముతో చేసినదే. మోట తోలిన రైతుకు ఎద్దు ఇచ్చిన రక్షణ ఇన్నాళ్లకు ఇనుమునకు అలవడినదని మనము చెప్పుకొనవచ్చును.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ప్రతి పనిగదిలోను ఆపద సమయమున యంత్రములకు శక్తిని తెంచివేయు సాధనము ఉండవలెనని విధించినది. కాని బావిగట్టు ఫ్యాక్టరీ కాదు. కళ్లము ఫ్యాక్టరీ కాదు. బత్తాయితోట ఫ్యాక్టరీ కాదు. మిల్లు కూలికి కలిగిన రక్షణ పొలము కూలికి కలుగలేదు. నూర్పిడి యంత్రములలో పంటతోపాటు చేతులు కూడ పోవుచుండగా, 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును చేసినది. శక్తితో నడచు నూర్పిడి యంత్రములను ఉద్దేశించి చేసిన ఆ చట్టము, గాయపడిన కూలికి నష్టపరిహారమును కూడ ఏర్పరచినది. ఇంజను పొలమునకు వచ్చుటకును, దానికి కళ్లెము కావలెనని చట్టము తలచుటకును నడుమ ఎంత కాలము గడచినదో శ్రోతలే లెక్కించుకొనవచ్చును.

ఇక మూడవ సాధనము కరెంటు మోటారు. బోరుబావులు లోతైనకొలది ఆయిలు ఇంజను వెనుకబడి మోటారు ముందునకు వచ్చినది. స్టార్టరు మీది ఎఱ్ఱమీట నొక్కినచో ఆగును గనుక ఆగకపోవుట అను సమస్య తీరినదని తోచినది. కాని అది మరియొక రూపమున వచ్చినది. కరెంటు వేళాపాళ లేక రాత్రులందు వచ్చుచుండిన కాలమున, చీకటిలో పాములకు వెరచి, నిద్ర కాచి, మోటారు వేయుటకు పోలేక రైతులు ఆటోస్టార్టర్లను పెట్టుకొన్నారు. కరెంటు వచ్చిన క్షణమున మోటారు తనంతట తానే తిరుగును. రైతు కష్టమునకు అది విరుగుడే. తప్పు పట్టుటకు వీలులేదు. అయితే కరెంటు పోయి మోటారు ఊరకున్నపుడు దానిపై చేయి పెట్టినవానికి, అది ఏ క్షణమున లేచునో తెలియదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల కరెంటు ఇచ్చుట ఆరంభించినపుడు, ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరినది. భూగర్భజలము వృథాగా తోడుకొనిపోవునని ముఖ్యముగా చెప్పినారు. ప్రాణభద్రత దృష్ట్యాను ఆ సలహా మంచిదే.

ఆపుట యనగా ఎల్లప్పుడును హఠాత్తుగా ఆపుట అనియు భావింపరాదు. దేవరకొండ దాపుననే పుట్టంగండి వద్ద సాగరజలమును మహాయంత్రములు పైకెత్తి అక్కంపల్లి జలాశయమునకు చేర్చుచున్నవి. ఇన్నాళ్లు మెట్ట ఎక్కని కృష్ణ ఆ విధముగా ఎక్కినది. అట్టి పంపులు ఒక్క పెట్టున ఆగినచో గొట్టములలో పరుగెత్తు నీరు వెనుకకు మరలి సుత్తివలె గొట్టమును కొట్టును. అందుచేత పెద్ద పంపులకు ఆ దెబ్బను తట్టుకొను ఏర్పాట్లు చేయుదురు. బలము ఎంత పెద్దదో దానిని నిలుపు నేర్పు అంత పెద్దది కావలెను.

ఈ చరిత్ర నుండి మనము గ్రహింపవలసిన భేదము ఒకటి కలదు: యంత్రము ఆగుట వేరు, దానిని ఆపుట వేరు. కరెంటు పోయి ఊరకున్న మోటారు ఆగినది, ఆపబడలేదు. గడ్డి చుట్టుకొని నిలిచిపోయిన కత్తి ఆగినది, ఆపబడలేదు. గడ్డి తీసినచో ఒక్క త్రిప్పుతో ఇంజను మరల లేవవచ్చును. ఇంధనమో, గాలియో, నిప్పో, కరెంటో — అది బ్రతుకుటకు కావలసినదానిని మన చేతితో తెంచిననే అది ఆపబడినట్లు. కావుననే కత్తిని శుభ్రపరచుటకు ముందు, ఇంజను పూర్తిగా నిలిచిన పిమ్మట, ప్లగ్గు తొడుగును తీసి ప్రక్కన పెట్టవలెనని తెలిసినవారు చెప్పుదురు. మోటారు వద్దకు పోవుటకు ముందు ఫ్యూజులను తీసి జేబులో వేసికొనుట మన పల్లెలలో అనుభవజ్ఞులైన లైనుమెన్లకు ఉన్న మంచి అలవాటు. జేబులో ఉన్న ఫ్యూజును మరియొకడు పొరపాటున పెట్టలేడు.

యంత్రమును కొనునాడు దాని బలమెంత, నూనె ఎంత త్రాగును, ఎన్ని ఎకరములు పారించును అని అడుగుదుము. ఇకమీదట ఆ ప్రశ్నలకు ముందు మరియొక ప్రశ్న అడుగుట నేర్చుకొనవలెను: దీనిని ఆపుట ఎట్లు, ఆ మీట పనిచేయనినాడు ఆపుట ఎట్లు? అమ్మువానిచేత ఆపించి చూడవలెను. తరువాత మనము ఆపి చూడవలెను. ఇంటిలో పెద్దవారైన ప్రతివారిచేతను, ఆడవారిచేతను మగవారిచేతను కూడ, ఒకమారు ఆపించవలెను. ఆపద వచ్చు వేళకు మెకానిక్కు ఊరిలో ఉండడు, ఇంటివారే ఉందురు. గాలిగొట్టమునకు సరిపడు చెక్కపలక ఒకటి ఇంజను కొట్టములో మేకుకు వ్రేలాడదీసి ఉంచినచో దానికి ఖర్చు లేదు. ఆ పలక ఏండ్ల తరబడి దుమ్ము పట్టి వ్రేలాడవచ్చును. ఎన్నడును దాని అవసరము పడకుండుటయే మన కోరిక. కాని పడిననాడు, దాని కొరకు వెదకుటకు వ్యవధి ఉండదు.